మూగజీవికి దెబ్బ తగిలినప్పుడు జాలి పడ్డాక ఏం చెయ్యాలి? శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళకి ఒక సమగ్ర మార్గదర్శి

మూడేళ్ళ కిందట మా వీధిలో ఒక తల్లికుక్క చచ్చిపోయింది. పొద్దున్నే పాలపేకెట్ కోసం బయటికొస్తే కాలవ గట్టు మీద నోట్లో నురగతో పడి ఉంది, పక్కన సగం తిన్న మాంసం ముక్కలు, నాలుగు పిల్లలు ఇంకా దాని పొట్ట దగ్గర పాల కోసం వెతుక్కుంటున్నాయి. అందరం బాధపడ్డాం, ఎవడో చేసిన పాపం అని తిట్టుకున్నాం, వీధి వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టాం. ఈలోపు చెత్తబండి వచ్చి దాన్ని ఎత్తుకుపోయింది. పది గంటలకి నేను పోలీస్ స్టేషన్‌కి వెళ్తే అక్కడున్నాయన "బాడీ ఏదమ్మా? ఆ మాంసం ఏది? పెట్టినవాణ్ణి చూసిందెవరు?" అని మూడు ప్రశ్నలు వేశారు. నా దగ్గర ఒక ఫొటో తప్ప ఏమీ లేదు. అది అక్కడితో ఆగిపోయింది.

ఆ రోజు నుంచి నేను నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. మన ఊళ్ళల్లో జాలికి లోటు లేదు, అన్నం తినేముందు కాకికి ముద్ద పెట్టేవాళ్ళం. కానీ దెబ్బ తగిలిన మొదటి అరగంటలో ఏ పని ముందు, ఏ పని తర్వాత అనేది తెలియక జంతువూ పోతుంది, కేసూ పోతుంది.

మొదటి అడుగు: రుజువు పోకుండా చూడండి

ఎవరైనా పశువునో కుక్కనో కొడుతుంటే ముందు వీడియో ఆన్ చెయ్యండి, ఆ తర్వాతే దగ్గరికెళ్ళండి. వీడియో ముక్కలు ముక్కలుగా కాకుండా ఒకటే తియ్యండి. మొదట్లోనో చివర్లోనో షాపు బోర్డు, కరెంటు స్తంభం నంబరు, గుడి, ఏదో ఒక గుర్తు పడేలా కెమెరా తిప్పండి, తేదీ, టైము, ఊరి పేరు మీ నోటితోనే చెప్పండి. ఆ ఫైలుని కత్తిరించొద్దు, పాట కలపొద్దు, ఫోన్లోంచి చెరపొద్దు. వాట్సాప్‌లో మామూలుగా పంపిస్తే బొమ్మ నాణ్యత తగ్గిపోతుంది, డాక్యుమెంట్‌లా పంపించండి లేదా పెన్‌డ్రైవ్‌లో కాపీ పెట్టుకోండి.

అరవడం వల్ల పని చెడుతుందని నా అనుభవం. తాగి ఎద్దుని బాదుతున్న మనిషి మీద మనం కేకలేస్తే ఆ కోపం కూడా ఎద్దు వీపు మీదే పడుతుంది. "మావా, ఆగు, ముందు నీళ్ళు తాగు, దానికీ పెడదాం" అని ఎవరైనా పెద్దాయన చేత చెప్పిస్తే పదిసార్లలో చాలాసార్లు చెయ్యి ఆగుతుంది. చెయ్యి ఆగాక మిగతావి మాట్లాడుకోవచ్చు. చూసినవాళ్ళు ఇద్దరి పేర్లు, ఫోన్ నంబర్లు అప్పుడే రాసుకోండి, సాయంత్రానికి "నేను సరిగ్గా చూడలేదు బావూ" అనేవాళ్ళే ఎక్కువ.

విషం పెట్టారని అనుమానం ఉంటే మరీ జాగ్రత్త. శవాన్ని పాతిపెట్టొద్దు, చెత్తబండికి ఇవ్వొద్దు. ఎండ తగలకుండా గోనెసంచి కప్పి ఒక మనిషిని కాపలా పెట్టండి. పక్కన పడిన తిండి, వాంతి చేత్తో ముట్టుకోకుండా వాటిని కూడా ఫొటో తీసి, పోలీసులు వచ్చి పంచనామా రాసేదాకా అలాగే ఉంచండి. ప్రభుత్వ పశువుల ఆసుపత్రిలో పోస్టుమార్టం చెయ్యాలని, లోపలి భాగాలు ల్యాబ్‌కి పంపాలని రాతపూర్వకంగా అడగండి. మా తల్లికుక్క విషయంలో మేం పోగొట్టుకున్నది ఇదే.

రెండో అడుగు: గాయపడిన జీవిని బతికించడం

రుజువు తీస్తుండగానే ఇంకొకరు ఈ పని చూడాలి, ఒకదాని తర్వాత ఒకటి అని ఆగకండి. బండి గుద్దిన కుక్కని చేతులతో ఎత్తి భుజాన వేసుకోవద్దు, నడుము విరిగి ఉండొచ్చు. దుప్పటి గానీ గోనెసంచి గానీ నేల మీద పరిచి దాని మీదకి మెల్లగా జరిపి, ఇద్దరు నాలుగు మూలలు పట్టుకుని లేపండి. ఎంత మచ్చికైన కుక్కైనా నొప్పిలో కరుస్తుంది, మూతికి మెత్తటి గుడ్డతో వదులుగా కట్టు కట్టండి, ఊపిరి కష్టంగా తీస్తున్నా వాంతులు అవుతున్నా మాత్రం కట్టొద్దు. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డ మడతపెట్టి గట్టిగా నొక్కి పట్టుకోండి, రెండు నిమిషాలకోసారి తీసి చూడకండి.

స్పృహ లేనిదాని నోట్లో నీళ్ళు పొయ్యకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మనం వేసుకునే పారాసిటమాల్ వెయ్యకండి, పిల్లికైతే అది ప్రాణాంతకం, కుక్కకీ ప్రమాదమే. పురుగులు పట్టిన పుండు మీద పెట్రోలు, కిరసనాయిలు, ఫినాయిల్ పోసే అలవాటు మన దగ్గర చాలా ఉంది, పురుగు చస్తుంది కానీ పచ్చి మాంసం కాలిపోతుంది, ఆ బాధ ఊహించండి. దానికి పశువుల డాక్టర్ ఇచ్చే స్ప్రేలు ఉన్నాయి.

పశువులకైతే 1962 కి ఫోన్ చెయ్యండి, సంచార పశువైద్య అంబులెన్స్ అది, ఉచితం. మండలం, గ్రామం, ఎద్దా గేదా మేకా, ఏమైంది, ఇవి సూటిగా చెప్పండి. పల్లెటూళ్ళో ఉంటే రైతు సేవా కేంద్రంలో ఉండే పశుసంవర్ధక సహాయకుడి నంబరు ముందే ఫోన్లో వేసుకోవడం మంచిది, అంబులెన్స్ కన్నా ముందు వచ్చేది చాలాసార్లు ఆ అబ్బాయే.

ఈ తోపులాటలో కుక్క మిమ్మల్ని కరిచినా గీరినా, కారే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్ళి రేబిస్ టీకా మొదలుపెట్టండి. పసరు మందు, కారం, సున్నం ఏవీ పెట్టొద్దు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మందు లేదు.

మూడో అడుగు: ఫిర్యాదు, ఏ సెక్షన్ కింద అడగాలో తెలుసుకుని

చాలామంది ఇక్కడే ఓడిపోతారు కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను. మన దగ్గర ప్రధానమైనది 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం. దాని 11వ సెక్షన్‌లో కొట్టడం, ఎక్కువ బరువు లాగించడం, తిండీ నీళ్ళూ లేకుండా కట్టెయ్యడం, ఇరుకుగా కుక్కి తీసుకెళ్ళడం, గాయపడిన పశువుతో పని చేయించడం, పోట్లాటలకి దింపడం అన్నీ నేరాలే. కానీ శిక్ష చూస్తే కడుపు మండుతుంది: మొదటిసారికి 10 నుంచి 50 రూపాయల జరిమానా. మూడేళ్ళలోపు మళ్ళీ చేస్తే 25 నుంచి 100 రూపాయలు, లేదా మూడు నెలల వరకూ జైలు, లేదా రెండూ. దశాబ్దాల కిందట పెట్టిన అంకెలు ఇప్పటికీ అవే. ఒక టీ, సమోసా ఖర్చుతో పోయే నేరం ఇది.

అందుకే రెండో చట్టం గుర్తుపెట్టుకోండి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 325వ సెక్షన్ ఉంది. ఏ జంతువునైనా చంపినా, విషం పెట్టినా, అవిటిదాన్ని చేసినా, పనికిరాకుండా చేసినా ఐదేళ్ళ వరకూ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. దీంట్లో పోలీసులు కోర్టు అనుమతి కోసం చూడకుండా నేరుగా కేసు కట్టొచ్చు. 1960 చట్టం 11వ సెక్షన్‌లో మామూలు దెబ్బలకి అలా కుదరదు, స్టేషన్‌లో "ఇది మా చేతిలో లేదండి" అంటే అన్నిసార్లూ తప్పించుకోవడమే అనుకోకండి, చట్టమే అలా రాసి ఉంది. అయితే జంతువు అవయవాలు కోసెయ్యడం, క్రూరంగా చంపడం (వీధికుక్కల్ని కూడా ఈ చట్టంలో పేరుపెట్టి రాశారు), జంతువుల పోట్లాటలు నిర్వహించడం, పాలు ఎక్కువ రావాలని ఇంజెక్షన్లు పొడవడం వీటికి 1960 చట్టం కిందే నేరుగా కేసు కట్టొచ్చు.

ఇంకోటి, 1960 చట్టం కింద నేరం జరిగిన మూడు నెలల్లోపు ప్రాసిక్యూషన్ మొదలవ్వాలి. పండగ అయ్యాక చూద్దాం, కోతలు అయ్యాక వెళ్దాం అనుకుంటే గడువు దాటిపోతుంది.

ఫిర్యాదు తెల్లకాగితం మీద తెలుగులోనే రాయండి. నేను, ఫలానా తేదీ ఇన్ని గంటలకి ఫలానా చోట ఇది చూశాను, చేసినవాళ్ళు వీళ్ళు (తెలియకపోతే గుర్తులు), జంతువు పరిస్థితి ఇది, ఇప్పుడు ఫలానా ఆసుపత్రిలో ఉంది, సాక్షులు వీళ్ళు, వీడియో జతపరిచాను. అంతే, ఒక పేజీ దాటొద్దు. "కర్కోటకుడు, రాక్షసుడు" లాంటి మాటలు అందులో వద్దు, చూసింది మాత్రమే. కింద సెక్షన్లు రాసి కేసు నమోదు చెయ్యమని కోరండి. రెండు కాపీలు తీసుకెళ్ళి ఒకదాని మీద తేదీతో రసీదు ముద్ర వేయించుకోకుండా స్టేషన్ మెట్లు దిగొద్దు. తీసుకోకపోతే జిల్లా ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టు చెయ్యండి, అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్ళే దారి చట్టంలో ఉంది. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక జరుగుతుంది కదా, భూమి గొడవలు, పింఛన్ల మధ్య మూగజీవి కాగితం పట్టుకుని నిలబడటానికి సిగ్గుపడక్కర్లేదు. ప్రతి జిల్లాకీ జంతు హింస నిరోధక సంఘం ఉండాలని 2001లో కేంద్రం నియమాలు చేసింది, మన జిల్లా సంఘం పని చేస్తోందా, చివరి మీటింగ్ ఎప్పుడు జరిగింది అని సమాచార హక్కు కింద అడగండి. ఒక్కోసారి ఆ ప్రశ్నే కుర్చీలు కదుపుతుంది.

మన దగ్గర ఎక్కువగా ఎదురయ్యేవి

సంతలు, లారీలు. కోటబొమ్మాళి వైపు నారాయణవలస, విజయనగరం జిల్లాలో అలమండ, మానాపురం సంతలు అందరికీ తెలిసినవే. రైతు ఎద్దుని కొనడం అమ్మడం నేరం కాదు, అది మన బతుకు. చూడాల్సింది ఎలా తీసుకెళ్తున్నారన్నది. 1978 రవాణా నియమాల ప్రకారం గూడ్స్ వాహనంలో ఆరుకి మించి ఆవులూ ఎడ్లూ ఎక్కించకూడదు, ప్రయాణానికి తగిన ఆరోగ్యం ఉందని పశువైద్యుడి సర్టిఫికెట్ ఉండాలి. కాళ్ళు కట్టి ఒకదాని మీద ఒకటి పేర్చిన బండి కనిపిస్తే నంబరు, రంగు, ఏ వైపు వెళ్తోంది రాసుకుని 112 కి చెప్పండి, మడపాం, నాతవలస లాంటి టోల్‌గేట్లు దాటేలోపు పోలీసులు ఆపగలిగేలా త్వరగా చెప్పండి. మీరు మాత్రం బండికి అడ్డంగా నిలబడొద్దు, డ్రైవర్ మీద చెయ్యి వెయ్యొద్దు. అతని పేరు, మతం అడిగే హక్కు మనకి లేదు, అతనూ కూలీయే, పైగా అలా చేస్తే కేసు మన మీద అవుతుంది, ఆ గొడవలో పశువులు ఎండలో లారీలోనే ఉండిపోతాయి. బండి పట్టుకున్నాక తప్పకుండా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: పశువుల్ని ఇప్పుడు ఎక్కడ ఉంచుతారు, మేత ఎవరు వేస్తారు? 2017 నియమాల ప్రకారం కేసు నడిచినంతకాలం వాటి పోషణ ఖర్చు యజమాని భరించాలి.

ఇసుక బండ్లు. నాగావళి, వంశధార ఒడ్డున ఎడ్లబండ్లతో ఇసుక తోలేవాళ్ళు పేదవాళ్ళు, వాళ్ళ మీద పోలీసుల్ని పంపడం నాకు మనసొప్పదు, ముందు మాట్లాడండి. 1965 నియమాలు వాళ్ళలో చాలామందికి తెలియవు: రోజుకి మొత్తం తొమ్మిది గంటలు మించకూడదు, ఐదు గంటలకి మించి ఆపకుండా తోలకూడదు, ఎండ 37 డిగ్రీలు దాటితే మధ్యాహ్నం 12 నుంచి 3 వరకూ బండి కట్టకూడదు, ముల్లుకర్ర అసలు వాడకూడదు. ఏప్రిల్, మే నెలల్లో రేవు దగ్గర ఒక నీళ్ళ తొట్టి పెట్టించి, వేపచెట్టు నీడలో మూడు దాకా ఎడ్లని విప్పించగలిగితే అది పది ఫిర్యాదుల కన్నా ఎక్కువ పని. మెడ మీద కాడి పుండు ఉన్న ఎద్దుకి డాక్టర్ని మీరే పిలిచి చూపించండి, రైతు కాదనడు.

వీధికుక్కలు. 2023 నియమాల ప్రకారం కుక్కలకి కుటుంబ నియంత్రణ ఆపరేషన్, రేబిస్ టీకా చేయించాల్సిన బాధ్యత మున్సిపాలిటీది, పంచాయతీది. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు, ఆపరేషన్, టీకా అయ్యాక వాటిని పట్టిన చోటే వదలాలని, రేబిస్ సోకినవి, దూకుడుగా ఉన్నవి మాత్రం వదలకూడదని, తిండి ఎక్కడపడితే అక్కడ కాకుండా గుర్తించిన చోటే పెట్టాలని చెప్పింది. అదే ఏడాది నవంబరులో బడులు, ఆసుపత్రులు, బస్టాండ్ల లాంటి చోట్ల నుంచి తీసేసి మళ్ళీ అక్కడ వదలొద్దని ఇంకో ఉత్తర్వు వచ్చింది. కాబట్టి కమిషనర్‌కి రాసి మీ వార్డులో తిండిచోటు గుర్తించమని అడగండి. పిల్లల్ని కరుస్తాయన్న భయం నిజమైనది, దాన్ని కొట్టిపారెయ్యకండి, ఆ భయం తగ్గకపోతే విషం మాంసం మళ్ళీ వస్తుంది. వీధిలో ప్రతి కుక్కకీ టీకా వేయించి ఆ జాబితా అందరికీ చూపిస్తే మనుషులు మెత్తబడతారు, మా వీధిలో అలాగే జరిగింది.

సంక్రాంతి కోడిపందాలు ఆచారం అనేవాళ్ళు చాలామంది, కానీ కత్తి కట్టి దింపడం నేరం, 2016లో హైకోర్టు కూడా ఆపమని చెప్పింది. బరి గీసే ముందే, భోగికి వారం ముందే తహసీల్దార్‌కి, పోలీసులకి కాగితం ఇవ్వండి. పందెం మొదలయ్యాక ఒంటరిగా వెళ్ళొద్దు.

సముద్రతీరం. బారువ, కళింగపట్నం తీరాలకి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి, జనవరి నుంచి ఏప్రిల్ దాకా. ఒక్కోటి సుమారు నూరు గుడ్లు ఇసుకలో కప్పి పోతుంది, ఒకటిన్నర రెండు నెలల్లో పిల్లలు బయటికొస్తాయి. రాత్రి తీరానికి వెళ్తే ఫ్లాష్ వెయ్యకండి, పిల్లలు సముద్రం మీది వెలుతురు చూసి దారి పడతాయి, మన లైటు వాటిని వెనక్కి లాగుతుంది. గూడు కనిపిస్తే తవ్వకుండా అటవీశాఖ వాళ్ళకి చెప్పండి. పిల్లల్ని బకెట్లో మోసి నీళ్ళలో వెయ్యకండి, ఇసుక మీద వాటినే పాకనివ్వండి. చచ్చిన తాబేళ్ళు ఒడ్డుకి కొట్టుకొస్తే ఎన్ని, ఎక్కడ, వల ముక్క ఉందా అని రాసుకుని ఫొటోలతో మత్స్యశాఖకీ అటవీశాఖకీ పంపండి. ఎక్కువ ట్రాలర్ వలల్లో ఊపిరాడక చచ్చినవే, తాబేలు బయటపడే కిటికీ లాంటి పరికరం వలకి పెట్టుకుంటే అవి బతుకుతాయి. తాబేలు వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో, అంటే ఎక్కువ రక్షణ ఉన్న జాబితాలో ఉంది, దానికి హాని చేస్తే మూడు నుంచి ఏడేళ్ళ జైలు.

కొండ, ఉద్దానం. 2023 మేలో భామిని మండలం కాట్రగడ దగ్గర నాలుగు ఏనుగులు కరెంటు తగిలి చచ్చిపోయాయి, ఆ మండలం అంతకుముందు ఏడాది వరకూ మన శ్రీకాకుళం జిల్లాలోనే ఉండేది. ఆ నాలుగింటి ఫొటో చూశాక నాకు చాలా రోజులు నిద్ర పట్టలేదు. పొలాల్లో వేలాడే తీగ, కంచె లేని ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కడ కనిపించినా 1912 కి ఫిర్యాదు చేసి నంబరు రాసుకోండి. అడవిపంది కోసం కంచెకి కరెంటు పెట్టినా, ఉచ్చు వేసినా, నాటు బాంబు పెట్టినా అది ఏనుగునీ చంపుతుంది, పక్క పొలం రైతునీ చంపుతుంది. పంట నష్టానికి అటవీశాఖ పరిహారం ఉంది, ఆ దరఖాస్తు రాయించడంలో రైతుకి సాయం చేస్తే ఉచ్చు పెట్టే అవసరమే తగ్గుతుంది. ఉద్దానంలో జీడి, పనస పళ్ళ కాలంలో ఎలుగులు తోటల్లోకి వస్తాయి. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో మనుషులూ గాయపడ్డారు, పట్టుకున్నాక ఆ ఎలుగూ బతకలేదు. చీకట్లో ఒంటరిగా తోటకి పోవద్దు, పోతే గట్టిగా మాట్లాడుకుంటూ పోండి, ఎలుగు కనిపిస్తే గుంపుగా తరమొద్దు, దారి వదలండి.

తేలినీలాపురం, తేలుకుంచి పక్షుల్ని సైబీరియా పక్షులని పిలవడం మనకి అలవాటు, నిజానికి ఆ గూడబాతులు, కొంగలు మన దేశంవే. ఊరివాళ్ళు తరతరాలుగా ఇంటి చెట్టు మీద చోటిచ్చి కాపాడుతున్నారు. చూడ్డానికి వెళ్తే చెట్ల కింద గోల చెయ్యకండి, డ్రోన్ ఎగరెయ్యకండి, కింద పడ్డ పిల్లని ఇంటికి తెచ్చుకోకుండా అటవీ సిబ్బందికి అప్పగించండి. రామచిలుకని పంజరంలో పెట్టడం కూడా నేరమే, ముద్దుగా పెంచినా సరే.

మన జిల్లా దాటి

ఇచ్ఛాపురం దాటి గంజాం జిల్లాలోకి వెళ్తే జౌగడ అనే చోట అశోకుడి శాసనాలు చెక్కిన రాయి ఉంది. మనుషులకీ పశువులకీ వైద్యం ఏర్పాటు చేశానని అందులో ఉంది, కళింగ యుద్ధం జరిగిన నేల మీదే. ఇంగ్లండులో పశువుల మీద క్రూరత్వానికి శిక్ష వేసే చట్టం 1822లో వచ్చింది, మన దేశంలో మొదటి జంతు సంరక్షణ సంఘం 1861లో కలకత్తాలో పుట్టింది. కాబట్టి ఇది ఎవరో విదేశీయులు నేర్పిన సంగతి అనేవాళ్ళకి జౌగడ రాయి చూపించండి.

ఇక్కడ కూర్చుని దూరదేశపు జంతువుకి చేయగలిగింది కూడా ఉంది. జంతువుల్ని హింసించే వీడియో వస్తే కోపంతో షేర్ చెయ్యకండి, చూపులు పెరిగితే డబ్బులొస్తాయని తీసేవాళ్ళున్నారు, రిపోర్ట్ కొట్టి వదిలెయ్యండి. టూర్‌కి వెళ్తే ఏనుగు సవారీ, మత్తులో ఉన్న పులితో ఫొటో, డాల్ఫిన్ షో వద్దు. డాల్ఫిన్ షోలు మన దేశంలో 2013లోనే వద్దన్నారు. సబ్బు, క్రీమ్ కొనేటప్పుడు జంతువుల మీద పరీక్షించనిది చూసి కొనండి, మన దేశం 2014లోనే సౌందర్య సాధనాలకి ఆ పరీక్షలు ఆపింది. దంతం, నక్షత్ర తాబేలు, పులిగోరు ఎవరు అమ్మజూపినా కొనకుండా అటవీశాఖకి చెప్పండి.

చివరి అడుగు: వాయిదాలకి వెళ్ళడం

కేసు కట్టాక అందరూ మర్చిపోతారు. ఒక నోటుబుక్కు పెట్టుకోండి: ఎఫ్ఐఆర్ నంబరు, దర్యాప్తు చేస్తున్న అధికారి పేరు, డాక్టర్ సర్టిఫికెట్ ఇచ్చిన తేదీ, ల్యాబ్ రిపోర్ట్ వచ్చిందా లేదా. నెలకోసారి స్టేషన్‌కి వెళ్ళి మర్యాదగా అడగండి. సాక్షులతో మాట తెంపుకోవద్దు, వాళ్ళకి కూలి పోతుంది కాబట్టి వాయిదా రోజున బస్సు ఖర్చులు, భోజనం మీరు చూసుకోండి, ఏం చెప్పాలో మాత్రం నేర్పకండి. ఆ రోజు వీడియో ఉన్న అసలు ఫోన్ ఛార్జింగ్ పెట్టి పట్టుకెళ్ళండి. మధ్యలో ఫోన్ మార్చినా పాతది అమ్మొద్దు, కేసు తేలేదాకా బీరువాలో ఉంచండి.